పినాక బహుళ రాకెట్ ప్రయోగ వ్యవస్థ – రూపకల్పన, రకాలు, వినియోగం

భారత సైన్యపు ఫిరంగి దళంలో సేవలందిస్తున్న స్వదేశీ బహుళ రాకెట్ ప్రయోగ వ్యవస్థ పినాక. పినాకపాణి అయిన పరమశివుని ధనుస్సు పేరును దీనికి పెట్టారు. ఎనిమిది చక్రాల భారీ వాహనంపై అమర్చిన 12 గొట్టాల నుండి 214 మిల్లీమీటర్ల వ్యాసం గల 12 రాకెట్లను 44 సెకండ్లలో ప్రయోగించగలగడం దీని మౌలిక లక్షణం. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో) రూపొందించిన ఈ వ్యవస్థలో ప్రయోగ వాహనపు స్వరూపం తొలి నుండి దాదాపుగా ఒకే తీరున కొనసాగుతుండగా, దాని నుండి వెలువడే రాకెట్లు మాత్రం దశలవారీగా మారుతూ వచ్చాయి. తొలి రకం రాకెట్ల పరిధి 40 కిలోమీటర్లకు లోబడి ఉండగా, 2025 డిసెంబరులో పరీక్షించిన రకం 120 కిలోమీటర్ల దూరాన్ని చేరింది. ఈ పరిణామ క్రమాన్ని, వివిధ రకాల మధ్య గల భేదాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ దిగువ పొందుపరచడమైనది.

నేపథ్యం

యుద్ధరంగంలో రాకెట్ల వినియోగం భారతదేశానికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల మైసూరు సేనలు ఇనుప గొట్టాలలో మందుగుండు కూర్చిన రాకెట్లను ఈస్టిండియా కంపెనీ సైన్యంపై ప్రయోగించాయి. వాహనంపై వరుసగా రాకెట్లను అమర్చి ఒకేసారి గుప్పించే ఆధునిక పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సోవియట్ సైన్యం వినియోగించిన కత్యూషాతో ప్రాచుర్యం పొందింది. అదే పరంపరకు చెందిన బీఎం-21 గ్రాడ్ వ్యవస్థను భారత సైన్యం సోవియట్ యూనియన్ నుండి సమకూర్చుకున్నది. 122 మిల్లీమీటర్ల వ్యాసం గల 40 రాకెట్లను ప్రయోగించే ఈ వ్యవస్థ పరిధి సుమారు 20 కిలోమీటర్లు.

గ్రాడ్ కంటే రెట్టింపు దూరం చేరగల, అంతకంటే బరువైన వార్‌హెడ్‌ను మోయగల వ్యవస్థను దేశంలోనే తయారు చేసుకోవాలన్న సంకల్పంతో 1986 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పినాక పథకానికి అనుమతి ఇచ్చింది. 1992 నాటికి అభివృద్ధి పూర్తి కావాలన్నది తొలి లక్ష్యం. అయితే పథకం అనుకున్న గడువులో పూర్తి కాలేదు. రాకెట్, ప్రయోగ వాహనం, గురి నియంత్రణ కంప్యూటరు, సరఫరా వాహనాలు అన్నింటినీ ఒకేసారి కొత్తగా రూపొందించవలసి వచ్చింది. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో పినాకను పర్వత ప్రాంతంలో పరీక్షాపూర్వకంగా వినియోగించడం జరిగింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఇది క్రమంగా సైన్యపు అమ్ములపొదిలో చేరింది. 2006 మార్చిలో ప్రయోగ వాహనాల ఉత్పత్తి బాధ్యతను టాటా పవర్, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థలకు అప్పగించారు.

పుణేలోని ఆయుధ పరిశోధన, అభివృద్ధి సంస్థ (ఏఆర్‌డీఈ) ఈ పథకానికి ప్రధాన రూపకర్త. పుణేలోనే ఉన్న అధిక శక్తి పదార్థాల పరిశోధన ప్రయోగశాల (హెచ్‌ఈఎంఆర్‌ఎల్) రాకెట్లకు కావలసిన ఘన ఇంధనాన్ని రూపొందించింది.

ప్రయోగ వాహనం, బ్యాటరీ నిర్మాణం

పినాక ప్రయోగ వ్యవస్థను టాట్రా శ్రేణికి చెందిన 8×8 వాహనంపై అమర్చారు. ఎనిమిది చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది గనుక ఇసుక నేలల్లోనూ, కొండ దారుల్లోనూ వాహనం ప్రయాణించగలదు. వాహనం వెనుక భాగాన తిరిగే వేదికపై రెండు రాకెట్ పెట్టెలు ఉంటాయి. ఒక్కొక్క పెట్టెలో ఆరేసి గొట్టాలు ఉంటాయి. ప్రయోగానికి ముందు హైడ్రాలిక్ జాకీలను నేలపైకి దించి వాహనాన్ని కదలకుండా నిలుపుతారు. రాకెట్ వెలువడినప్పుడు కలిగే కుదుపుకు వాహనం ఊగితే తరువాతి రాకెట్ గురి తప్పుతుంది. అందుకే ఈ ఏర్పాటు.

ఒక్క వాహనమే పినాక అనుకోవడం సరికాదు. ఆరు ప్రయోగ వాహనాలు, రాకెట్లను తెచ్చి ఎక్కించే వాహనాలు, నిల్వలు చేరవేసే వాహనాలు, కమాండ్ పోస్టు, పైగాలుల వేగాన్ని, దిశను నమోదు చేసే వాతావరణ పరికరం కలిస్తే ఒక బ్యాటరీ అవుతుంది. ఇటువంటి మూడు బ్యాటరీలు, అంటే 18 ప్రయోగ వాహనాలు ఒక రెజిమెంటుకు ఉంటాయి. ఈ అనుబంధ వాహనాలలో ఏది లేకున్నా ప్రయోగ వాహనం ఒక్కసారి 12 రాకెట్లు వదిలిన పిదప నిరుపయోగం అవుతుంది. కాబట్టి కొనుగోలు ఒప్పందాలలో ప్రయోగ వాహనాల కంటే ఇతర వాహనాల సంఖ్య ఎక్కువగా కనిపించడం సహజం.

ఆరు వాహనాల బ్యాటరీ 44 సెకండ్లలో 72 రాకెట్లను ప్రయోగించగలదు. ఒక్కొక్క రాకెట్ సుమారు 100 కిలోల వార్‌హెడ్‌ను మోస్తుంది. ఆ లెక్కన ముప్పావు నిమిషంలో 7,200 కిలోల వార్‌హెడ్‌లు లక్ష్య ప్రాంతంపై పడతాయి. 1,000 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు గల ప్రదేశాన్ని, అనగా సుమారు 200 ఎకరాల విస్తీర్ణాన్ని, ఒక బ్యాటరీ నిర్వీర్యం చేయగలదని అంచనా.

ప్రయోగ విధానం

పినాకను నాలుగు పద్ధతులలో ప్రయోగించవచ్చు.

1. స్వయంచాలిత పద్ధతి: కమాండ్ పోస్టులోని గురి నియంత్రణ కంప్యూటరు నుండి వచ్చే ఆదేశాల మేరకు ప్రయోగ వేదిక తనంతట తానే తిరిగి గురి కుదుర్చుకుంటుంది.

2. స్వతంత్ర పద్ధతి: కమాండ్ పోస్టుతో అనుసంధానం లేనప్పుడు వాహనంలోని సిబ్బంది గురి వివరాలను స్వయంగా నమోదు చేస్తారు.

3. దూర నియంత్రణ పద్ధతి: సిబ్బంది క్యాబిన్ వెలుపలికి వచ్చి, సుమారు 200 మీటర్ల దూరం నుండి ప్రయోగాన్ని నియంత్రిస్తారు.

4. చేతి పద్ధతి: ఎలక్ట్రానిక్ పరికరాలు పనిచేయనప్పుడు వేదికను చేతితో తిప్పి గురి చూస్తారు.

రాకెట్లు వెలువడినప్పుడు లేచే పొగ, మంట ప్రయోగ స్థలాన్ని శత్రువుకు పట్టిస్తాయి. ఎగిరే రాకెట్ల మార్గాన్ని గుర్తించి అవి ఎక్కడి నుండి వచ్చాయో లెక్కకట్టే రాడార్లు నేడు పెక్కు సైన్యాల వద్ద ఉన్నాయి. కనుక చివరి రాకెట్ వెలువడిన వెంటనే జాకీలు ఎత్తి స్థానం మారడం ఈ వ్యవస్థ వినియోగంలో అత్యంత ముఖ్యమైన అంశం. లాగి తీసుకుపోవలసిన ఫిరంగికి లేని ఈ వెసులుబాటే ట్రక్కుపై అమర్చిన రాకెట్ వ్యవస్థకు ప్రాధాన్యాన్ని తెచ్చింది.

దూరానికి, గురికి గల సంబంధం

మార్గనిర్దేశం లేని రాకెట్ ఒకసారి గొట్టం విడిచిన తరువాత దాని గమనాన్ని సరిదిద్దే అవకాశం ఉండదు. గాలి వేగం, ఇంధనం మండే తీరు, గొట్టంలోని స్వల్ప కుదుపు వంటి కారణాల వలన ప్రతి రాకెట్ కొద్దికొద్దిగా పక్కకు మళ్లుతుంది. దూరం పెరిగినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ఉదాహరణకు ప్రయాణ దూరంలో ఒక శాతం మేర తేడా వస్తుందనుకుంటే, 40 కిలోమీటర్ల వద్ద అది 400 మీటర్లు అవుతుంది. 75 కిలోమీటర్ల వద్ద 750 మీటర్లు, 120 కిలోమీటర్ల వద్ద 1,200 మీటర్లు అవుతుంది.

ఈ కారణంగానే తొలితరం రాకెట్ వ్యవస్థలన్నీ విస్తీర్ణ లక్ష్యాలకు పరిమితమయ్యాయి. సైనిక శిబిరాలు, వాహన సముదాయాలు, ఫిరంగి స్థావరాలు వంటి విశాల ప్రదేశాలపై అనేక రాకెట్లను ఒకేసారి కురిపించడం వాటి పని. పరిధిని పెంచాలంటే కేవలం ఇంధనం పెంచితే చాలదు, గురిని కూడా మెరుగుపరచాలి. పినాక అభివృద్ధిలో రెండవ దశ అంతా ఈ సమస్య చుట్టూనే నడిచింది.

రాకెట్ రకాలు

పినాక మార్క్-1: తొలి రకం. పరిధి సుమారు 37.5 కిలోమీటర్లు. మార్గనిర్దేశం లేదు. ముందుగానే ముక్కలుగా అమర్చిన లోహ శకలాలతో కూడిన పేలుడు వార్‌హెడ్ దీనికి ప్రధానం.

మెరుగుపరచిన మార్క్-1: దీనిని ఎన్‌హాన్స్‌డ్ పినాక అని వ్యవహరిస్తారు. మార్క్-1 రాకెట్ల స్థానంలో ప్రవేశపెట్టేందుకు దీనిని రూపొందించారు. పరిధి 45 కిలోమీటర్లు. 2020 నవంబరు 4న ఒడిశాలోని చాందీపూర్ సమీకృత పరీక్షా కేంద్రం నుండి ఆరు రాకెట్లను వరుసగా ప్రయోగించి పరీక్షించారు. 2021 జూన్ 24, 25 తేదీలలో 25 రాకెట్లను వివిధ దూరాలలోని లక్ష్యాలపై ప్రయోగించారు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని పోఖ్రాన్ వద్ద సైన్యంతో కలిసి మరో 24 రాకెట్లను పరీక్షించడం జరిగింది. ఇదీ మార్గనిర్దేశం లేని రకమే.

ఏరియా డినయల్ మ్యూనిషన్: శత్రు బలగాలు ఒక ప్రాంతంలోనికి ప్రవేశించకుండా, అక్కడ కదలకుండా నిరోధించేందుకు ఉద్దేశించిన రకం. దీని వార్‌హెడ్‌లో ఒకే పెద్ద పేలుడు పదార్థానికి బదులు అనేక చిన్న బాంబులు ఉంటాయి. సాయుధ వాహనాలపైనా, సైనికులపైనా పనిచేసే ద్విప్రయోజన బాంబులు టైప్-1 రకంలో వాడతారు. 2022 ఏప్రిల్‌లో పోఖ్రాన్ వద్ద దీనిని కూడా పరీక్షించారు.

గైడెడ్ పినాక: మార్క్-2 రాకెట్‌కు దిశానిర్దేశ, నియంత్రణ పరికరాలను జోడించి రూపొందించిన రకం. రాకెట్ ముందుభాగాన ఉండే చిన్న రెక్కలు కంప్యూటరు ఆదేశాల మేరకు కదులుతూ, గమనంలో వచ్చిన తేడాను ప్రయాణంలోనే సరిదిద్దుతాయి. రాకెట్‌లోని జడత్వ దిశాసూచక పరికరానికి భారత ప్రాంతీయ ఉపగ్రహ దిశానిర్దేశ వ్యవస్థ సంకేతాలు తోడ్పడతాయి. 2017 జనవరి 12న చాందీపూర్ నుండి దీని తొలి పరీక్ష జరిగింది. అదే నెల 24న రెండవసారి ప్రయోగించారు. 2019 మార్చిలో పోఖ్రాన్‌లోనూ, అదే సంవత్సరం డిసెంబరులో చాందీపూర్‌లోనూ జరిగిన పరీక్షలతో ఈ రకం స్థిరపడింది. డిసెంబరు పరీక్షలలో దీని పరిధిని 75 కిలోమీటర్లుగా ప్రకటించారు. సైన్యపు ప్రమాణాల మేరకు నిర్వహించిన పరీక్షలు మూడు దశలలో పూర్తయినట్లు 2024 నవంబరు 14న రక్షణ శాఖ వెల్లడించింది. ఇద్దరు ఉత్పత్తిదారుల నుండి పన్నెండేసి రాకెట్లను తీసుకుని, సైన్యం వాడుతున్న వాహనాలనే ఉన్నతీకరించి, వాటి నుండి ఈ పరీక్షలు జరిపారు. పరిధి, గురి, నిలకడ, ఒకేసారి పలు లక్ష్యాలపై ప్రయోగించగల వేగం ఇందులో పరిశీలించిన అంశాలు.

దీర్ఘశ్రేణి గైడెడ్ రాకెట్ – 120: 2025 డిసెంబరు 29న చాందీపూర్ నుండి దీని తొలి పరీక్ష జరిగింది. గరిష్ఠ పరిధి అయిన 120 కిలోమీటర్ల దూరానికి దీనిని ప్రయోగించారు. సైన్యంలో ఇప్పటికే ఉన్న పినాక వాహనం నుండే ఈ రాకెట్‌ను ప్రయోగించడం ఈ పరీక్షలోని విశేషం. ఒకే వాహనం నుండి వేర్వేరు పరిధులు గల రాకెట్లను ప్రయోగించవచ్చునని దీనితో రుజువైంది. కొత్త రకం వచ్చిన ప్రతిసారీ కొత్త వాహనాలు కొనుగోలు చేయవలసిన భారం ఆ మేరకు తగ్గుతుంది.

హైదరాబాద్ ప్రయోగశాలల పాత్ర

మార్గనిర్దేశం లేని తొలి పినాకలో పుణే సంస్థల కృషి ప్రధానం కాగా, గైడెడ్ రకం రూపకల్పనలో హైదరాబాద్ భాగస్వామి అయింది. రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్), రీసెర్చ్ సెంటర్ ఇమారత్ (ఆర్‌సీఐ) ఏఆర్‌డీఈతో కలిసి దీనిని అభివృద్ధి చేశాయి. 1980లలో డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం సారథ్యంలో చేపట్టిన సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం ద్వారా ఈ ప్రయోగశాలలకు దిశానిర్దేశ, నియంత్రణ విజ్ఞానంలో దీర్ఘకాల అనుభవం సమకూరింది. క్షిపణుల కోసం పెంపొందించుకున్న ఆ విజ్ఞానం ఫిరంగి దళపు రాకెట్‌కు ఉపయోగపడింది. 2025లో పరీక్షించిన 120 కిలోమీటర్ల రాకెట్‌కూ ఈ రెండు ప్రయోగశాలలు తోడ్పాటునందించాయి.

గైడెడ్ పినాక వినియోగించే ప్రాంతీయ ఉపగ్రహ వ్యవస్థ, నేడు నావిక్‌గా వ్యవహరిస్తున్నది, 2013 జూలై 1న శ్రీహరికోట నుండి ప్రయోగించిన తొలి ఉపగ్రహంతో ఆరంభమైంది. 2018 నుండి 2022 వరకు డీఆర్‌డీవో అధ్యక్షునిగా వ్యవహరించిన డాక్టర్ జి. సతీష్ రెడ్డి నెల్లూరు జిల్లాకు చెందినవారు. 75 కిలోమీటర్ల గైడెడ్ రకం, మెరుగుపరచిన మార్క్-1 రకం పరీక్షలలో అధిక భాగం ఆయన పదవీకాలంలోనే జరిగాయి.

ఉత్పత్తి, కొనుగోలు ఒప్పందాలు

పినాక ఉత్పత్తిలో ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రెండూ పాలుపంచుకుంటున్నాయి. ప్రయోగ వాహనాలను, కమాండ్ పోస్టులను టాటా, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థలు తయారు చేయగా, వాహనాలను బీఈఎంఎల్ సరఫరా చేస్తుంది. రాకెట్ల తయారీ తొలుత ఆయుధ కర్మాగారాల మండలి ఆధ్వర్యంలో జరిగింది. 2021 అక్టోబరు 1న ఆ మండలిని ఏడు కంపెనీలుగా పునర్వ్యవస్థీకరించిన తరువాత ఈ బాధ్యత మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు సంక్రమించింది. సాంకేతిక పరిజ్ఞానాన్ని బదిలీ చేయడంతో నాగపూర్‌కు చెందిన ఎకనామిక్ ఎక్స్‌ప్లోజివ్స్ లిమిటెడ్ రెండవ ఉత్పత్తిదారుగా రంగంలోకి వచ్చింది.

ఇటీవలి సంవత్సరాలలో కుదిరిన రెండు ప్రధాన ఒప్పందాలు ఈ విధంగా ఉన్నాయి.

2020 ఆగస్టు 31: ఆరు పినాక రెజిమెంట్ల కొరకు సుమారు 2,580 కోట్ల రూపాయల విలువగల ఒప్పందాలు. వీటి ప్రకారం 114 ప్రయోగ వాహనాలు, 45 కమాండ్ పోస్టులు, 330 వాహనాలు సమకూర్చాలి. ఉత్తర, తూర్పు సరిహద్దులలో మోహరించేందుకు ఈ రెజిమెంట్లను ఉద్దేశించారు.

2025 ఫిబ్రవరి 6: ఏరియా డినయల్ టైప్-1 రాకెట్లు, మెరుగుపరచిన మార్క్-1 రాకెట్ల కొరకు ఎకనామిక్ ఎక్స్‌ప్లోజివ్స్, మ్యూనిషన్స్ ఇండియా సంస్థలతో 10,147 కోట్ల రూపాయల మొత్తానికి ఒప్పందాలు. ఫిరంగి దళపు శక్తి సాఫ్ట్‌వేర్ ఉన్నతీకరణకు భారత్ ఎలక్ట్రానిక్స్‌తో అదే రోజున వేరొక ఒప్పందం జరిగింది.

ఈ రెండింటిని పోల్చి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఆరు రెజిమెంట్లకు వాహనాలు, పరికరాలు సమకూర్చుకోవడానికి అయిన వ్యయం కంటే, రాకెట్ల కొనుగోలు ఒప్పందాల విలువ దాదాపు నాలుగు రెట్లు అధికం. వాహనం దశాబ్దాలపాటు పనిచేస్తుంది, రాకెట్ ఒకే ఒక్కసారి పనిచేస్తుంది. యుద్ధం దీర్ఘకాలం కొనసాగితే ఈ వ్యవస్థ సామర్థ్యాన్ని నిర్ణయించేది రాకెట్ల నిల్వలు, వాటిని తిరిగి తయారు చేయగల వేగం.

విదేశాలలో ఆర్మేనియా పినాకను కొనుగోలు చేసిన తొలి దేశం.

పౌరుల భద్రతకు సంబంధించిన అంశాలు

ఒకేసారి 200 ఎకరాల విస్తీర్ణాన్ని ప్రభావితం చేయగల ఆయుధం జనావాసాల సమీపంలో వినియోగానికి తగినది కాదు. గురి కచ్చితత్వం పెరిగితే ఒక స్థావరాన్ని ఛేదించేందుకు అవసరమయ్యే రాకెట్ల సంఖ్య తగ్గుతుంది. పరిసరాలలో కలిగే నష్టం కూడా ఆ మేరకు తగ్గుతుంది. గైడెడ్ రకాల ప్రాధాన్యాన్ని సైనిక దృష్టితోపాటు ఈ దృష్టితోనూ చూడవలసి ఉంటుంది.

చిన్న బాంబులను వెదజల్లే రకాల విషయంలో మరొక సమస్య ఉన్నది. నేలపై పడిన చిన్న బాంబులలో కొన్ని పేలకుండా మిగిలిపోవచ్చు. యుద్ధం ముగిసిన తరువాత పొలాలకు తిరిగివచ్చే రైతులకు, పశువుల కాపరులకు, పిల్లలకు ఇవి ప్రమాదకరం. ఈ కారణంగానే క్లస్టర్ ఆయుధాలను నిషేధిస్తూ 2008లో ఒక అంతర్జాతీయ ఒడంబడిక రూపొంది, 2010లో అమలులోకి వచ్చింది. భారత్, చైనా, పాకిస్తాన్, రష్యా, అమెరికా అందులో చేరలేదు. అయితే యుద్ధానంతరం మిగిలిన పేలుడు పదార్థాల తొలగింపునకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి సంప్రదాయ ఆయుధాల ఒడంబడికలోని ఐదవ ప్రోటోకాల్‌కు భారత్ కట్టుబడి ఉన్నది.

వార్తా రచనలో గమనించవలసినవి

పినాక గురించిన వార్తలలో పరిధి 37.5 అని, 45 అని, 75 అని, 120 అని వేర్వేరు అంకెలు కనిపించడం పరిపాటి. ఇవన్నీ సరైనవే కావచ్చు. పరిధి అనేది రాకెట్‌కు సంబంధించినది గాని వాహనానికి సంబంధించినది కాదు. కనుక ఏ రకం రాకెట్ అన్నది పేర్కొనకుండా కేవలం పినాక పరిధి ఇంత అని రాయడం వలన గందరగోళం ఏర్పడుతుంది.

అదేవిధంగా పరీక్ష విజయవంతం కావడం, కొనుగోలుకు ఆమోదం లభించడం, ఒప్పందం కుదరడం, సైన్యానికి అందడం అనేవి నాలుగు వేర్వేరు దశలు. గైడెడ్ పినాక తొలి పరీక్షకు, సైన్యపు ప్రమాణాల పరీక్షలు పూర్తికావడానికి మధ్య దాదాపు ఎనిమిదేళ్లు గడిచాయి. తొలి పరీక్ష ముగిసిన రాకెట్‌ను సైన్యంలో చేరినదిగా పేర్కొనరాదు.

క్షిపణి, రాకెట్ అనే పదాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మార్గనిర్దేశం లేని మార్క్-1, దాని మెరుగుపరచిన రకం రాకెట్లు. గైడెడ్ రకాన్ని డీఆర్‌డీవో ప్రకటనలలో ఒకచోట రాకెట్‌గా, మరొకచోట క్షిపణిగా పేర్కొన్నారు. గైడెడ్ రాకెట్ అని రాసినట్లయితే ఏ సందర్భంలోనైనా సరిపోతుంది.

సంక్షిప్త వివరాలు

రాకెట్ వ్యాసం: 214 మిల్లీమీటర్లు
వాహనానికి రాకెట్లు: 12, ఆరేసి చొప్పున రెండు పెట్టెలలో
పూర్తి ప్రయోగ సమయం: 44 సెకండ్లు
బ్యాటరీకి ప్రయోగ వాహనాలు: 6
రెజిమెంటుకు ప్రయోగ వాహనాలు: 18
మార్క్-1 పరిధి: సుమారు 37.5 కిలోమీటర్లు
మెరుగుపరచిన మార్క్-1 పరిధి: 45 కిలోమీటర్లు
గైడెడ్ పినాక పరిధి: 75 కిలోమీటర్లు
దీర్ఘశ్రేణి గైడెడ్ రాకెట్ పరిధి: 120 కిలోమీటర్లు, తొలి పరీక్ష 2025 డిసెంబరు 29